వంటింటి అరలో తొమ్మిది రోజులు

ఈ రోజు సోమవారం, ఆగస్టు నెల రెండో వారం. మా మేనకోడలు చనిపోయి నేటికి పదిహేను రోజులు. వచ్చే శనివారం జరిగే జ్ఞాపకార్థ కూడికలో ఒక చిన్న పుస్తకం పంచుతారట. అందులో నాలుగు పేజీలు రాయమని మా చర్చి సంఘపెద్దలు నన్ను అడిగారు. రాయనని చెప్పాను. నిన్న సాయంత్రం ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఈ పేజీల్లోనే చెబుతాను. ముందు జరిగింది జరిగినట్టు రాయనివ్వండి.

ఆ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, చీర మార్చుకుని, బల్ల మీద రిజిస్టరు, స్కేలు, డ్రాపరు సర్దుకుని కూర్చున్నాను. పదకొండూ ఇరవైకి ఫోను మోగింది. మా మేనకోడలి భర్త, విశాఖ నుంచి.

"పెద్దమ్మగారూ, తను లేదండి" అన్నాడు.

ఏదో ఊరు వెళ్లిందనుకున్నాను. "ఎక్కడికెళ్లింది? నిన్న మాట్లాడినప్పుడు నాతో చెప్పలేదే" అన్నాను, కాస్త కోపంగానే. అవతల అతను ఏడవడం వినిపించింది.

తలలో రక్తనాళం చిట్లిందట. పొద్దున్న చర్చికి బయల్దేరి, చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలోనే కూర్చుండిపోయిందట. ఆసుపత్రికి చేరేలోగా అయిపోయింది. నలభై మూడేళ్ల మనిషి. బీపీ లేదు, షుగరు లేదు. క్రితం సాయంత్రమే ఫోనులో నాతో పావుగంట నవ్వింది.

ఫోను పెట్టేశాక నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. డ్రాపరు తీసుకుని మొదటి బిళ్ల మీద నీటిచుక్క వేశాను. కొలిచాను. రాశాను. రెండోది వేశాను. అలా పన్నెండూ పూర్తి చేశాను. ఆఖరి బిళ్ల దగ్గర ఉండగా మా కోడలు వంటింట్లోంచి వచ్చి "ఎవరండీ ఫోను?" అని అడిగింది. అప్పుడు గానీ సంగతి చెప్పలేదు. ఆ రోజు రాసిన వరస ఇప్పుడు తీసి చూస్తే అక్షరం ఎక్కడా వంకర పోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

ఆ బిళ్లలేమిటో తెలియాలంటే ఆమె చేసే పని చెప్పాలి. విశాఖలో ఒక పరిశోధనశాలలో లేజరు వెలుగుతో లోహాలను చెక్కేది. మామూలు లేజరుతో కోస్తే కోత చుట్టూ లోహం కరుగుతుంది, కరిగినది అంచున గట్టులా గడ్డకడుతుంది. ఆమె వాడే లేజరు అలా కాదు. అందులో వెలుగు చిన్న చిన్న దెబ్బలుగా పడుతుంది. ఒక్కొక్క దెబ్బ ఎంత పొట్టిదో నాకు అంకెల్లో చెప్పింది. ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు, సైన్సు చెప్పినదాన్ని, నాకే ఆ అంకె మనసుకు ఎక్కలేదు. అప్పుడు మా వంటింట్లోకి తీసుకెళ్లి, పెనం చూపించింది.

"అత్తా, పెనం కాలిందో లేదో సూడ్డానికి వేలు తాకించి తీసేస్తావు కదా. కాలుతుందేటి?"

"చూడ్డానికి అను. కాలదు."

"ఎందుకు కాలదు, సెప్పు?"

"చెప్పు. వేడి లోపలికి దిగేలోగా తీసేస్తాను కాబట్టి."

"అదే నా లేజరు. పైపొర ఆవిరైపోతుంది. కింద పొరకి కబురు అందేలోగా దెబ్బ అయిపోతుంది."

ఈ పదిహేను రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. నాకు కబురు పదకొండూ ఇరవైకే అందింది. కానీ ఏడుపు ఇంకా రాలేదు.

అలా దెబ్బలు తిన్న లోహం పైభాగం మారిపోతుంది. అద్దంలా మెరిసే టైటానియం నల్లబడుతుంది. కాస్త వంచి చూస్తే నెమలి మెడ రంగులు కనిపిస్తాయి. మైక్రోస్కోపులో తీసిన ఫోటోలు చూపించింది. నీళ్లు తీసిన తర్వాత ఏటి ఇసుక మీద మిగిలే చారల్లాంటి సన్నని చారలు, వరస తప్పకుండా. లోహం అదే, బరువు దాదాపు అదే. చర్మం ఒక్కటే మారింది. అంతమాత్రానికే నీటితో దాని తీరు పూర్తిగా మారిపోతుంది.

చిన్నప్పటి నుంచీ ఆమె చూపు వస్తువుల పైభాగం మీదే ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా మంచినీళ్ల గ్లాసు తాగేముందు వెలుతురుకి పట్టి తిప్పి చూసేది. గ్లాసు శుభ్రంగా లేదేమోనని ఇంటివాళ్లు నొచ్చుకునేవారు. టీ ఎప్పుడూ చల్లారిపోయాకే తాగేది, పైన మీగడ కట్టడం చూస్తూ కూర్చుని. మా పెరట్లో చామాకుల మీద నీళ్లు చల్లి, జారిపోయే చుక్కల వెనక తల వంచుకుని తిరిగేది. "నీళ్లు అబద్ధం ఆడవత్తా" అనేది. "మనిషికి కనిపించనిది నీటికి కనిపిస్తుంది."

ఆమె నాకు మేనకోడలే కాదు, తొమ్మిదో తరగతిలో నా విద్యార్థిని కూడా. ఒకసారి నీళ్లు మరిగే ఉష్ణోగ్రత కొలిచి రికార్డులో రాయమన్నాను. నూరు అని రాసి తెచ్చింది.

"థర్మామీటరు ఎంత చూపించింది?" అని అడిగాను.

"తొంభై ఎనిమిదండి."

"మరి నూరెందుకు రాశావు?"

"పుస్తకంలో నూరనే ఉందండి."

అందరి ముందూ నిలబెట్టాను. చూసింది రాయాలి, చూడనిది రాయకూడదు, తప్పు రాస్తే చెరపకుండా ఒక్క గీత గీసి పక్కన సరైనది రాయాలి అని ఆమె చేతే నల్లబల్ల మీద రాయించాను. ఆ రోజు మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. ఆమె తండ్రి, మా తమ్ముడు, నాతో రెండు నెలలు మాట్లాడడం మానేశాడు. ఆమె మాత్రం పెద్దయ్యాక తన దగ్గర చేరే ప్రతి పరిశోధక విద్యార్థికీ మొదటి రోజున ఈ కథ చెప్పేదట. చెప్పి, "మా అత్త దగ్గర నేర్చుకున్నాను" అనేదట. ఇది నాకు ఆమె పోయాక తెలిసింది.

రెండేళ్ల కిందట నన్ను ఏటికొప్పాక తీసుకెళ్లింది. తిరుగుతున్న కర్రకు లక్క ముక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు అంటుకోవడం నేను అంతకు ముందూ చూశాను. ఆమె మాత్రం మొదటిసారి చూసినదానిలా అరగంట కదల్లేదు. అక్కడ బొమ్మలు చేసే పెద్దాయన అడిగాడు:

"నువ్వూ మిషను మీదే పని సేస్తావంట కదమ్మా. మరి అది ఎంత బేగి?"

"మీరు రెప్ప వేసేలోగా అది కొట్టే దెబ్బలు లెక్కెట్టలేం బాబాయ్."

"అమ్మబాబోయ్! అయితే పొద్దున్నే పనైపోయి తొంగుంటావన్నమాట."

"లేదు బాబాయ్. దెబ్బ బేగే గానీ పని నెమ్మది. గోరంత జాగా చెయ్యడానికి పూట పడతాది."

"మరెందుకమ్మా ఆ మిషను? మా దగ్గరికొచ్చెయ్, పూటకి పాతిక బొమ్మలు సేద్దువు!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తిరుగుదారిలో నాతో అంది: "వాళ్లది వేడి రప్పించి చేసే పని. నాది వేడి రాకుండా చేసే పని. ఇద్దరికీ కావలసింది పైపొరే."

ఇక బిళ్లల సంగతి. ఎముక విరిగితే లోపల బిగించే మరలను, అంటే స్క్రూలను, టైటానియంతో చేస్తారు. వాటి పైభాగాన్ని ఆ లేజరుతో సన్నని చారలుగా చెక్కితే ఎముక బాగా పట్టుకుంటుందేమోనని చాలామంది చూస్తున్నారట. కొత్తగా చెక్కిన లోహం మీద నీటిచుక్క వేస్తే ఇట్టే పరుచుకుంటుంది. కానీ గాలిలో ఉంచిన కొద్దీ కొన్ని వారాలకు అదే లోహం నీటిని దగ్గరికి రానివ్వదు. చుక్క ముత్యంలా పైనే నిలుస్తుంది. గాలిలోని జిడ్డు కంటికి కనబడనంత పలచగా పేరుకోవడమే దానికి ముఖ్య కారణమట. మర తయారైన రోజున ఉన్న గుణం, ఆసుపత్రి గదిలో నెలలపాటు పడి ఉన్నాక ఉంటుందా? ఇది ఆమె ప్రశ్న.

"ల్యాబులో గాలి వడగట్టిన గాలత్తా. మర వేయించుకునేవాడు ల్యాబులో ఉండడు. నాకు మీ నర్సీపట్నం గాలి కావాలి" అంది జనవరి ఆఖరులో. కారమ్ బోర్డు కాయంత బిళ్లలు పన్నెండు తెచ్చి, ముందు గదిలో అద్దాల బీరువా మీద, ఈగలు వాలకుండా పలచటి వల కప్పి పెట్టింది. ప్రతి ఆదివారం ఒక్కొక్క దాని మీద ఒక చుక్క వేసి, స్కేలు పక్కన పెట్టి, ఫోనుతో ఫోటో తీసి, రిజిస్టరులో రాయాలి. ల్యాబులోనూ అలాంటివే పన్నెండు. "కదపొద్దు, తుడవొద్దు. నువ్వయితే నేను మళ్లీ చూసుకోనక్కర్లేదు" అంది.

ఫిబ్రవరిలో మా అబ్బాయి ముందు గదికి రంగులు వేయించాడు. రంగు వాసన బిళ్లలకు పడుతుందని భయపడ్డాను. ఇంట్లో అన్నిటికంటే శుభ్రమైన చోటు ఏదని ఆలోచించాను. మా ఇళ్లలో పెరిగిన ఏ ఆడదాన్ని అడిగినా ఒకటే చెబుతుంది, వంటిల్లు అని. స్నానం చేయకుండా నేను అందులో అడుగుపెట్టను, ఎవరినీ పెట్టనివ్వను. బిళ్లల పళ్లెం తీసి పొయ్యి పైనున్న అరలో పెట్టాను. తొమ్మిది రోజులు అక్కడే ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో హాస్టల్లో ఉన్న మనవరాలికి పంపడానికి మా కోడలు జంతికలు, బెల్లం గవ్వలు వేయించింది. నూనె పొగ ఆ అర మీదుగానే పైకి పోయింది. నేను అక్కడే నిలబడి గవ్వలు నొక్కాను.

రంగులు ఆరాక పళ్లెం మళ్లీ బీరువా మీదకు చేర్చాను. తర్వాతి ఆదివారం పన్నెండిటి మీదా చుక్క ముత్యంలా నిలబడింది. చూసింది రాశాను. ఎక్కడ పెట్టానో రాయలేదు. రిజిస్టరులో తేదీ, బిళ్ల నంబరు, చుక్క అని మూడే గళ్లు ఉన్నాయి, చోటు అనే గడి లేదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. కదపొద్దన్నదాన్ని కదిపానని నా విద్యార్థినికి చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రోజే ఫోను చేసింది. "అత్తా! ఇక్కడ ల్యాబులో ఇంకా పరుచుకుంటోంది. మీ దగ్గర అప్పుడే నిలబడిపోయిందేటి! మీ ఊరి గాలిలో ఏదో ఉంది!" చిన్నపిల్లలా అరిచింది. ఆ నిమిషంలో చెప్పి ఉండాల్సింది. ఈసారి వచ్చినప్పుడు ఎదురుగా చెబుదామనుకున్నాను. మార్చిలో వచ్చింది. చెప్పలేదు. ఈస్టరుకి వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. చెప్పలేదు. నలభై మూడేళ్ల మనిషి కదా, చెప్పడానికి బోలెడు ఆదివారాలు ఉన్నాయనుకున్నాను.

కిందటి గురువారం ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వాళ్లది కొయ్యూరు అవతల కొండ మీద ఊరు. ఆ ఊళ్లో ఇంత చదివినది తనే మొదట. నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి. అందులో ఒక అధ్యాయం మొత్తం నా బిళ్లల మీదే. కుర్చీ అంచున కూర్చుని చదివి వినిపించింది. నర్సీపట్నం, మాకవరపాలెం చుట్టుపక్కల చెరకు ఆడే రోజుల్లో బెల్లం బట్టీల పొగ గాలిలో కలుస్తుందని, అందువల్లే లోహం నాలుగో వంతు కాలంలోనే మారిపోయిందని, ఇలాంటి ఊళ్లకు పంపే మరలకు వేరే తరహా ప్యాకింగు కావాలని రాసి ఉంది. అంతా మా మేనకోడలి ఆలోచనే. ఎంత చక్కటి ఆలోచన! రిజిస్టరు నకలు నా ముందు పెట్టి, "ప్రతి పేజీ కింద సంతకం పెట్టండి అమ్మమ్మగారూ. మేడమ్ గారు మీ మీద ఎంత నమ్మకంతో ఉండేవారో" అంది.

పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను. చెప్పేశాను.

ఆ అమ్మాయి చేతిలోని అధ్యాయం మూసేసింది. "మేడమ్ ఉన్నప్పుడే చెప్పుంటే బాగుండేదండి" అంది. ఇంతకంటే గట్టిగా నన్నెవరూ తిట్టలేరు. తర్వాత గొంతు తగ్గించి, "తొమ్మిది రోజులే కదండి. ఎవరికీ సెప్పొద్దండి. మేడమ్ పేరుతో వచ్చే ఆఖరి పని ఇది. మా అమ్మ ఊరంతా సెప్పేసుకుంది, నెలాఖరుకి మా అమ్మాయి డాక్టరని" అంది. నేను సంతకం పెట్టలేదు. కాగితాలు తీసుకుని, టీ ముట్టుకోకుండా వెళ్లిపోయింది. ఆమె తెచ్చిన చిన్న డబ్బా ఒకటి బల్ల మీదే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసింది. పలకరింపు లేదు, ముందుమాట లేదు.

"ఏ నూనె అండి?"

"మొదటి రెండు రోజులు పామాయిలు. ఆ తర్వాత వేరుశెనగ నూనె."

"పొయ్యికి అర ఎంత ఎత్తండి?"

స్టూలు వేసుకుని, టేపు పట్టి కొలిచి చెప్పాను. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "ఇప్పుడు మేడమ్ బదులు సూస్తున్న గైడు గారికి నేనే సెప్తానండి. మీరు మాత్రం కాగితం మీద రాసివ్వాలి" అంది. రాస్తానన్నాను. ఫోను పెట్టేసి సంఘపెద్దలకు కూడా రాస్తానని కబురు పంపాను.

ఇది రాస్తుంటే మా కోడలు వెనక నుంచి చదివింది. "పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాస్తే సాలదేటి అత్తయ్యగారూ? ఇదంతా ఎందుకు, నలుగురూ సదువుతారు" అంది. ఆమె బాధ నాకు తెలుసు. కానీ నా మేనకోడలి పేరు మీద ఒక తప్పు నిలబడిపోతుంది, అది నేను చేసిన తప్పు. సవరించగలిగిన మనిషి వెళ్లిపోయింది. చేసిన మనిషిని నేను మిగిలాను.

ఇక జరగవలసినవి:

1. రిజిస్టరులో ఫిబ్రవరి పేజీ పక్కన, తొమ్మిది రోజులు పళ్లెం ఎక్కడ ఉందో, ఏం వేయించామో ఎర్ర సిరాతో రాసి ఈ ఉదయం సంతకం పెట్టాను. పాత రాత ఒక్క అక్షరం చెరపలేదు. నకలు బుధవారం లోగా గైడుగా ఉన్న ప్రొఫెసరు గారికి చేరాలి. తప్పు నాదని, ఆ అమ్మాయిది గాని మా మేనకోడలిది గాని కాదని ఉత్తరంలో రాశాను.

2. బెల్లం బట్టీల అధ్యాయం థీసిస్ నుంచి తీసేయాలి. గడువు పెంచమని అడగాలి. పెంచకపోతే నేనే విశాఖ వెళ్లి అడుగుతాను.

3. ఆ అమ్మాయి తల్లికి నేనే కొయ్యూరు అవతల వాళ్ల ఊరు వెళ్లి సంగతి చెప్పాలి. ఆలస్యం తన కూతురి వల్ల కాదని ఆమె నా నోటి నుంచి వినాలి.

4. మా మేనకోడలి భర్త ఇది పుస్తకంలో చదివి తెలుసుకోకూడదు. రేపు పొద్దున్న మొదటి బస్సుకి వెళ్తున్నాను.

5. సంఘపెద్దలు ఈ పేజీలను కుదించదలిస్తే మొదటి భాగం కుదించాలి. వంటింటి సంగతి ఉండాలి.

6. కొత్త బిళ్లలతో పని మళ్లీ మొదలవ్వాలి. ఆరు ముందు గదిలో, ఆరు వంటింటి అరలో. ఈసారి రిజిస్టరులో నాలుగో గడి గీశాను.

7. ఆ అమ్మాయి వదిలి వెళ్లిన డబ్బాలో ఆ కొత్త బిళ్లలు ఉన్నాయి. మా మేనకోడలు ఆఖరి శుక్రవారం తన చేత్తో చెక్కినవని ఆ అమ్మాయే ఫోనులో చెప్పింది. నిన్న సాయంత్రం తీసి లెక్కపెడితే పదమూడు. పన్నెండు శుభ్రంగా ఉన్నాయి. పదమూడోది లెక్కలోకి రాదు. దాన్ని ఎవరూ తుడవకూడదు, గాలికి పెట్టకూడదు. దాని మీద నీటిచుక్క వేస్తే నాలుగు వైపులా ఇట్టే పరుచుకుని, మధ్యలో ఒక బొటనవేలి ముద్ర దాకా వచ్చి ఆగిపోతోంది.